బందరు గుడిలో మూడవ ప్రకటన

సికింద్రాబాదు నుంచి బందరు వెళ్ళాలనుకునేవారికి ముందుగా ఒక మాట. శుక్రవారం బయలుదేరకండి. శుక్రవారం బయలుదేరితే శనివారం చేరతారు, మరునాడు ఆదివారం గుడికి వెళ్ళవలసి వస్తుంది. నేను అలాగే వెళ్ళాను. బుధవారమో గురువారమో వెళ్ళి ఆదివారం రాకముందే నా పని చూసుకుని వచ్చి ఉంటే ఈ కథనం వేరుగా ఉండేది, లేదా రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

పోలీసు చర్య జరిగి నాలుగు నెలలు దాటింది. హైదరాబాదు రాష్ట్రాన్ని మిలిటరీ గవర్నరు పాలిస్తున్నాడు. నేను సికింద్రాబాదులో ఒక మిషను ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పేదాన్ని. మా రాష్ట్రానికి ఎల్లలు చెప్పమంటే నా పిల్లలు నిద్రలో కూడా చెప్పేవారు: ఉత్తరాన మధ్యపరగణాలు, పడమట బొంబాయి, దక్షిణానా తూర్పునా మద్రాసు. నాలుగు దిక్కులా నేలే. కృష్ణా, గోదావరీ మా గడ్డ మీదుగా ఇంత దూరం నడిచి, తీరా సముద్రం దగ్గరపడే వేళకు మద్రాసు వాళ్ళ చేతిలో పడతాయి. పదకొండేళ్ళుగా సముద్రతీరం గురించి పాఠం చెబుతున్న నేను సముద్రాన్ని చూడలేదంటే ఎవరూ నవ్వకండి, మా బడిలో చూసినవాళ్ళు ఇద్దరే.

"పాఠాలు మారిపోతాయి టీచరమ్మా. ఇక కోస్తా మన పొరుగు రాష్ట్రం కాదు, మన దేశమే. ఎలాగూ వెళ్తున్నారుగా, కళ్ళారా చూసి వచ్చి పిల్లలకు చెప్పండి" అని మా హెడ్మిస్ట్రెస్‌గారు సెలవు ఇచ్చారు. ఆవిడకు నేను వెళ్ళే అసలు పని తెలుసు. అయినా బడి పని అంటగట్టకుండా ఒక్క సెలవూ ఇవ్వని మనిషి.

అసలు పని నా తమ్ముడు సాల్మన్ పెళ్ళి. సాల్మన్ సికింద్రాబాదులో ఒక ఆసుపత్రిలో కంపౌండరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం క్రిస్మస్‌కు ముందు, బందరులో హెడ్మాస్టరుగా ఉన్న జోసఫ్ మాస్టారి కూతురు విమలతో వాడికి ప్రధానం జరిగింది. ఉంగరాలు మార్చుకున్నారు, గుడి అయ్యగారు ప్రార్థన చేశారు, మా అమ్మ విమలకు చీర కప్పింది. ఈస్టరు తరువాత పెళ్ళి అనుకున్నాం. మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. వరుడి గుడిలోనూ చదవాలి, వధువు గుడిలోనూ చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అప్పుడు లేచి చెప్పాలి. రెండు ఊళ్ళలోనూ చదివారు, ఎవరూ లేవలేదు. లేచింది రెండు ప్రభుత్వాలు.

ఆ ఎండాకాలం హద్దు దాటే రైళ్ళు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. సరుకులు ఆగాయి, జాబులు ఆగాయి. రజాకార్ల భయంతో మా వైపు జనం మూటలు కట్టుకుని బెజవాడ వైపు పోతుంటే, పెళ్ళి బృందం బయలుదేరుతుందని ఎవరు నమ్ముతారు? సాల్మన్‌కు సెలవు దొరకలేదు. వెళ్తే తిరిగి ఉద్యోగం ఉండదన్నారు. మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే చదివిన ప్రకటన చెల్లదు. అలా ఒకసారి చెల్లకుండా పోయింది. పోలీసు చర్య అయ్యాక రెండు జాబులు రాశాం, జవాబు రాలేదు. క్రిస్మస్ దాటనీ అని అమ్మ అంది. దాటింది. సాల్మన్ మాత్రం మారేడ్‌పల్లి ఇంట్లో వెనక గదికి సున్నం వేయించి, కిటికీకి కొత్త రెక్కలు పెట్టించి కూర్చున్నాడు. ఎవరికోసం అని మేమెవ్వరం అడగలేదు. మా నాన్న లేడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. కనుక సంగతి కనుక్కుని, వీలైతే తేదీ పెట్టుకుని రావలసిన పని నా మీద పడింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి బండి కదిలింది. సాల్మన్ ఆడవాళ్ళ డబ్బాలో కిటికీ పక్కన చోటు పట్టి, నీళ్ళ కూజా పెట్టి, బండి కదిలాక కూడా పక్కనే కొంతదూరం నడిచాడు. ఏమైనా చెబుతాడేమో అనుకున్నాను. "కూజా జెర పదిలం అక్కా, మూత వదులుగున్నది" అని మాత్రం అన్నాడు.

ఎదురుగా నల్ల బురఖా వేసుకున్న నడివయసు ఆవిడ, పేరు ఖాసింబీ. ముసుగు ఎత్తి తలమీదికి వేసుకుని, జనగామ రాకముందే నా చరిత్రంతా రాబట్టింది. పెళ్ళి కాలేదని విని "గట్లెట్ల?" అని కొంచెంసేపు బాధపడింది. తరువాత తన సంగతి చెప్పింది. ఖమ్మం పక్క ఊళ్ళో వాళ్ళది గాజుల దుకాణం. గొడవలప్పుడు అంతా వదిలి పట్నం వచ్చేశారు.

"ఇల్లున్నదో కూలిందో సూసొస్త టీచరమ్మా. దుకాణం సంగతి అల్లాకెరుక."

"మీ ఆయన రాలేదా?"

"రాబుద్ధి కాలే ఆయనకు. ఇల్లు లేకపోతె నేను సూడలేనన్నడు. నాకైతె సూడాలె. తెల్వకుంట ఆడ కూసుంటె నాకు బువ్వ సుత సయిస్తలేదు."

కాజీపేటలో చాయ్ తాగాం. డోర్నకల్ దగ్గర నేను తెచ్చుకున్న రొట్టెలూ మామిడి తొక్కూ, ఆవిడ తెచ్చిన ఖీమా కలిపి తిన్నాం. ఖమ్మంలో ఆవిడ దిగింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. వాళ్ళను చూడగానే ముసుగు కిందికి లాక్కుని, అంతసేపు గలగలా మాట్లాడిన మనిషి గోడ పక్కగా ఒదిగి నడుస్తూ వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తే నాకు కష్టంగా అనిపించింది. ఆవిడ ఇల్లు ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రయాణికులు గుర్తుంచుకోవలసింది ఎర్రుపాలెం. అది అప్పట్లో మా రాష్ట్రంలో చివరి స్టేషను. కరోడ్‌గిరి వాళ్ళు, అంటే మా రాష్ట్రపు సుంకం వసూలు చేసేవాళ్ళు, అక్కడ డబ్బా డబ్బాకూ ఎక్కి పెట్టెలు తెరిపించేవారు. గతంలో ఎర్ర రూమీ టోపీ పెట్టుకుని, పెట్టెలో అడుగున ఉన్న చీరను కూడా పైకి తీసి చూసేవారట. నేను వెళ్ళినప్పుడు వచ్చినాయన టోపీ లేకుండా, నా పెట్టెను వేలితో తట్టి, "ఏముందమ్మా?" అని అడిగి, నేను చెప్పేలోపే దిగిపోయాడు. సుంకం ఇంకా ఉందో లేదో ఆయనకే తెలియనట్టుంది.

బండి హద్దు దాటుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. పటంలో ఈ గీతను నేను ఏటా ఎర్రసిరాతో గీస్తాను, పిల్లల చేత గీయిస్తాను, వంకర పోతే చెరిపించి మళ్ళీ గీయిస్తాను. అక్కడ కంప చెట్లున్నాయి, రెండు మేకలున్నాయి. మేకలు అటూ ఇటూ మేస్తున్నాయి.

కొండపల్లి దాటాక నేల తీరు మారింది. మా బండరాళ్ళు లేవు, మా సీతాఫలం పొదలు లేవు. చదును నేల, కాలువలు, కోసిన వరి మడుల్లో పచ్చగా మినుము. పొద్దు గూకే వేళకు బెజవాడ చేరాం. స్టేషనులో ఆడవాళ్ళ విశ్రాంతి గది శుభ్రంగానే ఉంటుంది, కాని దోమలకు ఏ ప్రభుత్వమూ అడ్డు కాదు. మా హాలీ రూపాయలు ఇక్కడ చెల్లవు, వీటిని ఇచ్చి ఇండియా వారి కల్దారు రూపాయలు తీసుకోవాలి. ఆ పని ముందే సికింద్రాబాదులో చేసుకు వెళ్ళండి. నేను ఇచ్చిన నాణెం చూసి కాఫీ హోటలు అబ్బాయి, "నైజాం నుంచా అమ్మా? అక్కడ ఇంకా మనుషులున్నారా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

శనివారం పొద్దున బందరు బండి చిన్నది, తీరిగ్గా నడిచేది. గుడివాడ వరకు నా పక్కన కూర్చున్న కాపుల పెద్దావిడ ఒడిలో బాతుగుడ్ల బుట్ట పెట్టుకుని, వాళ్ళ జిల్లా గురించి నాకు పాఠం చెప్పింది. నీళ్ళకు లోటు లేదు, గింజలకు లోటు లేదు, ఉన్న లోటల్లా గాలివానలు, మద్రాసు. "ఏ కాయితం కావాలన్నా మద్రాసు పోవాలండీ. మన మాట వాళ్ళకు రాదు, వాళ్ళ మాట మనకు రాదు. మన రాష్ట్రం మనకొస్తే గాని లాభం లేదు" అంది. మా దగ్గర తెలుగు పిల్లలు ఉర్దూలో లెక్కలు నేర్చుకునేవారని చెబితే, "అయితే మీ గతీ అంతేనన్న మాట" అని ఎంతో ఆప్యాయంగా నవ్వింది.

పదకొండు ప్రాంతంలో బందరు చేరాం. మిషను వారి స్త్రీల విడిదిలో నాకు గది ఇచ్చారు. భోజనంలో కొర్రమీను పులుసు. తిన్న తరువాత జట్కా మాట్లాడుకుని ఊరు చూడబోయాను. కలెక్టరు కచేరీ చూశాను. మా దగ్గర జిల్లా పెద్దను తాలూక్‌దారు అంటాం, ఇక్కడ కలెక్టరు. తహశీల్దారు మాత్రం ఇద్దరికీ ఒకడే. హద్దుకు అటూ ఇటూ అతన్నే చూసి జనం లేచి నిలబడతారు.

సముద్రం కోసం బందరుకోట దాకా వెళ్ళాలి. ఊరికీ నీటికీ మధ్య బురద నేల, ఉప్పు పేరుకున్న చౌడు, మడ చెట్లు. జట్కాతను దూరంగా బూడిదరంగు గీతను చూపించి "అదేనండీ" అన్నాడు. నేను పదకొండేళ్ళుగా చెబుతున్న అలలూ ఇసుకా అక్కడ లేవు. ఒకప్పుడు ఇక్కడికి అన్ని దేశాల ఓడలూ వచ్చేవి. తరువాత రేవు పూడిపోయింది, ఒక పెద్ద ఉప్పెన ఊరిని సగం ఊడ్చుకుపోయింది. ఇప్పుడు పెద్ద ఓడ వస్తే దూరాన ఆగాలి, పడవల్లో సరుకు తేవాలి. మా రాష్ట్రానికి ఈ రేవు దక్కితే చాలు, మనం ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదని మా వైపు పెద్దమనుషులు అనుకోవడం చిన్నప్పటినుంచీ విన్నాను. వాళ్ళలో ఒక్కరూ వచ్చి ఈ బురద చూసినట్టు లేదు. అయినా చాలాసేపు నిలబడ్డాను. గాలి బాగుంది. సాల్మన్‌నీ విమలనూ తీసుకుని మళ్ళీ రావాలనుకున్నాను.

శనివారమే మాస్టారి ఇంటికి ఎందుకు వెళ్ళలేదని అడగవచ్చు. పెళ్ళి మాట కోసం ఒంటరిగా, చెప్పకుండా, సరాసరి గుమ్మం ఎక్కడం మాలో లేదు. గుడిలో కనిపించాలి, ఆరాధన అయ్యాక వాళ్ళు పలకరించాలి, భోజనానికి పిలవాలి, అప్పుడు వెంట వెళ్ళాలి. నేను పద్ధతి పాటించాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి గుడికి వెళ్ళాను. కొత్త ఊరు కదా అని ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో, తలుపు దగ్గర కూర్చున్నాను. జోసఫ్ మాస్టారు మగవాళ్ళ వైపు ముందు వరుసలో ఉన్నారు, వీపు మాత్రమే కనిపిస్తోంది. మా వైపు మూడో వరుసలో విమల. తలుపు చప్పుడైనప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తోంది. అలా చూసినప్పుడే నన్ను గుర్తుపట్టింది. నేను నవ్వాను. తను నవ్వలేదు. చాలాసేపు చూసి ముందుకు తిరిగింది.

మొదటి కీర్తన అయ్యాక అయ్యగారు ప్రకటనలు చదివారు. గుడివాడలో టీచరుగా ఉన్న ఒకతని పేరు, తరువాత విమల పేరు. "ఇది మూడవసారి, చివరిసారి" అన్నారు. ఆ పేరు విన్నప్పుడు ఇంకో విమల ఉందేమో అనుకున్నాను. తండ్రి పేరు కూడా చదివారు.

నా పక్కన ముసలావిడ చెవి దగ్గర గొణిగింది. "చూశావా అమ్మాయ్? తన ప్రకటనకు తనే వచ్చి కూర్చుంది. మూడు వారాలూ వచ్చింది. ఇప్పటి పిల్లలకు సిగ్గెక్కడిది?"

మా సంఘాల్లో ప్రకటన చదివే ఆదివారాల్లో పెళ్ళికూతురు గుడికి రాదు. సికింద్రాబాదులోనూ అంతే, బందరులోనూ అంతే. తన పేరు పదిమందిలో పిలుస్తుంటే వింటూ కూర్చోవడం సిగ్గులేనితనం అంటారు. వచ్చి కూర్చుందంటే ఆ పెళ్ళి కోసం ఎంత తొందరపడుతోందో అని అర్థం చెబుతారు. నాకూ ఆ అర్థమే తోచింది. నన్ను చూసి కూడా నవ్వని ముఖం గుర్తొచ్చింది. మమ్మల్ని మరిచిపోయింది, మరిచిపోయానని చెప్పడానికే తల నిలబెట్టుకుని కూర్చుంది అనుకున్నాను.

"ఈ వివాహమునకు న్యాయమైన ఆటంకము ఎవరికైనా తెలిసిన యెడల ఇప్పుడే తెలుపవలెను" అని అయ్యగారు కళ్ళద్దాల మీదుగా గుడి అంతా చూశారు.

నాకు తెలుసు. ప్రధానం జరిగింది, ఉంగరం నా తమ్ముడి వేలికి ఇంకా ఉంది. లేచి ఆ ఒక్క మాట అంటే చాలు, పెళ్ళి ఆగుతుంది, విచారణ జరుగుతుంది. ముందు బెంచీ అంచును గట్టిగా పట్టుకున్నాను కూడా. ఇష్టపడి చేసుకుంటున్న పిల్లను పదిమందిలో అల్లరి చేయడం మా ఇంటికి మర్యాద కాదని, సాల్మన్ కూడా వద్దనే అంటాడని నాకు నేను చెప్పుకున్నాను. అయ్యగారు చూపు దించి రెండో కీర్తన నంబరు చెప్పారు. అందరూ లేచారు, అప్పుడు నేనూ లేచాను.

ఆరాధన అయ్యాక ఎవరికీ కనబడకుండా వెళ్ళిపోదామని పక్క తలుపులోంచి బయటికి వచ్చాను. నూతి దగ్గర ముఖం కడుక్కుంటుంటే వెనక అడుగుల చప్పుడు. విమల.

"వదినగారూ" అంది. ప్రధానం రోజు పిలిచినట్టే పిలిచింది. "అయ్యగారు అడిగినప్పుడు మీరు లేస్తారనుకున్నాను."

"నువ్వే వచ్చి కూర్చున్నావు కదమ్మా. ఇష్టమనుకున్నాను" అన్నాను.

"ఇష్టమైతే ఇంట్లో ఉండేదాన్నండీ." ఏడిచి ఏడిచి అయిపోయిన గొంతు అది. "మీ ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తారని మూడు వారాలూ వచ్చాను. నేను లేచి చెప్పలేను. నాన్న ముందు వరుసలో కూర్చుంటారు. నేను అక్కడ కూర్చుంటే చూసినవాళ్ళకైనా అర్థమవుతుందనుకున్నాను. ఊరంతా సిగ్గులేదన్నారు. అననీ అనుకున్నాను. ఇవాళ మిమ్మల్ని చూశాక ఇక భయం లేదనుకున్నాను."

ఇది రాస్తుంటే కూడా ఆ నూతి దగ్గరే నిలబడి ఉన్నట్టుంది నాకు. ఆ పిల్ల చేయి పట్టుకున్నాను. "పద, ఇప్పుడే అయ్యగారికి చెబుతాను" అన్నాను. తను రాలేదు. నేనే వెళ్ళాను.

అయ్యగారు గుడి వెనక గదిలో అంగీ విప్పుతున్నారు. జోసఫ్ మాస్టారు అక్కడే ఉన్నారు. నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది. ముందు నన్ను కూర్చోబెట్టి, మా అమ్మ కులాసా అడిగారు. నేను ప్రధానం మాట ఎత్తాను.

"అమ్మా, అడిగినప్పుడు మీరు లోపలే ఉన్నారా?" అన్నారు అయ్యగారు.

"ఉన్నానండి."

"ఉండి మౌనంగా ఉన్నారు."

ఆయన కఠినుడు కాదు. విమలను పిలిపించారు. తండ్రి పక్కన నిలబెట్టి, "నీకు ఈ పెళ్ళి సమ్మతమేనా అమ్మా?" అని మెల్లగా అడిగారు. తండ్రి పక్కన నిలబెట్టకుండా అడగాలని ఆయనకు తోచలేదు, ఆ క్షణాన నాకూ తోచలేదు. విమల నా వైపు చూడలేదు. "నాన్నగారి ఇష్టమండీ" అంది. అంతటితో అయిపోయింది. పెళ్ళి బుధవారం.

మాస్టారు నన్ను ప్రహరీ గేటు దాకా దిగబెట్టారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను.

"ఎండాకాలంలో నాలుగు జాబులు రాశానమ్మా, అబ్బాయిని ఇటు పంపించండి, ఇక్కడే పెళ్ళి చేసి గొడవలు తగ్గేదాకా ఉంచుకుంటాను అని. ఒక్కటైనా అందిందా?"

"లేదండి."

"మా బడి నిండా మీవైపు నుంచి వచ్చినవాళ్ళే ఉండేవారు. రోజుకో కబురు. సికింద్రాబాదు తగలబడిందని ఒకరు, లేదని ఒకరు. మీరు బతికున్నారని మీ జాబు వస్తేనే తెలిసింది. అప్పటికి గుడివాడ వాళ్ళకు మాట ఇచ్చేశాను, ఏ ముఖంతో జవాబు రాయను? ఇచ్చిన మాట ఇప్పటికే ఒకటి పోగొట్టుకున్నాను, రెండోది కూడానా?" ఆయన కళ్ళు తుడుచుకున్నారు. భోజనానికి రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. మధ్యాహ్నం విడిదికి ఒక మనిషి చేత బందరు లడ్డూల బుట్ట పంపించారు, మా అమ్మకిమ్మని.

ఆ సాయంత్రం బండికే బెజవాడ వచ్చేసి, సోమవారం పొద్దున సికింద్రాబాదు బండి ఎక్కాను. ఆడవాళ్ళ డబ్బా సగం ఖాళీ. పుస్తకం తెరిచి, హెడ్మిస్ట్రెస్‌గారి కోసం కోస్తా గురించి నాలుగు ముక్కలు రాయబోయాను. నేల చదును, తీరం లోతు తక్కువ, పంట వరి, పాలన మద్రాసు నుంచి. ఆపైన రాయలేకపోయాను.

ఎర్రుపాలెంలో కరోడ్‌గిరి ఆయన మళ్ళీ ఎక్కాడు, ఈసారి ఇంకొకాయన. బుట్ట చూసి "ఇదేందమ్మా?" అన్నాడు.

"లడ్డూలు."

"పెండ్లివా?"

"ఔను."

"ఎవరిది?"

"మా వాళ్ళదే" అన్నాను. రెండు తీసుకున్నాడు. మంచిగున్నయి అని దిగిపోయాడు. సుంకం అడగలేదు.

ఖమ్మం, డోర్నకల్, కాజీపేట, వచ్చినప్పటి స్టేషన్లే వెనక్కి వచ్చాయి. ఈ యాత్రలో నేను నేర్చుకున్న భూగోళం ఏమిటని ఆలోచించాను. హద్దు నేల మీద ఉండదు. కంప చెట్లకు తెలియదు, మేకలకు తెలియదు. అది మనుషులు ఒకరి సంగతి ఒకరు తెలుసుకోలేని చోట ఉంటుంది. సైన్యాలు వచ్చి దాన్ని ఒక వారంలో తీసేశాయి, మంచిదే. కాని అది ఉన్నన్నాళ్ళలో ఆగిపోయిన నాలుగు జాబులను ఎవరు తెచ్చిస్తారు? అయితే అదంతా హద్దు మీదికి నెట్టేసి ఊరుకోవడానికి కూడా నా మనసు ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున ఆ గుడిలో ఏ హద్దూ లేదు. ముందు బెంచీ, నా చేతులు, అయ్యగారి ప్రశ్న, అంతే.

దీపాలు పెట్టే వేళకు సికింద్రాబాదు చేరాం. సాల్మన్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, ఒంటి మీద మందుల వాసన. నా ముఖం చూసి పెట్టె అందుకున్నాడు. ఓవర్‌బ్రిడ్జి మెట్ల దగ్గర నేనే చెప్పాను. విమలకు పెళ్ళి కుదిరింది, గుడివాడ టీచరు, బుధవారం. ప్రకటన చదువుతుంటే నేను విన్నాను.

వాడు పెట్టె కింద పెట్టి, చేయి మార్చుకుని, మళ్ళీ ఎత్తాడు. మెట్లన్నీ ఎక్కాక అడిగాడు.

"ప్రకటన సదివినప్పుడు విమల గుడిల ఉన్నదా అక్కా?"

"ఉంది."

"వచ్చి కూసున్నదా?"

"కూర్చుంది."

"అయితె ఇష్టపడే చేసుకుంటున్నదన్నట్టు. మంచిగైంది. ఇష్టం లేకుంట చేస్తున్నరేమో అని ఇన్ని దినాలు పరేషాన్ల ఉంటి. నా దిల్ నిమ్మళమైంది అక్కా."

నేను చెప్పాలని నోరు తెరిచాను. బుధవారానికి ఇంకా ఒక రోజు ఉంది, పొద్దున ఒక బండి ఉంది. వెళ్ళినా గుడిలో మళ్ళీ ఎవరూ అడగరు, అడిగే మూడుసార్లూ అయిపోయాయి. వాడు నెలల తరబడి లేని నవ్వు ఒకటి తెచ్చుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు.

"రిక్షా మాట్లాడు" అన్నాను. "అమ్మ ఎదురుచూస్తుంటుంది."